మూరెడు దారం... బారెడు ఓర్పు!

రెండు రంగులుంటే ఒక చిక్కు. నాలుగుంటే నాలుగు కాదు... నలభై చిక్కులు! స్వెట్టర్ అల్లినా, జాకెట్టు మీద మగ్గం పని చేసినా, క్రోషేతో గుమ్మానికి తోరణం అల్లినా, సూది పట్టిన ప్రతి చేతికీ ఎదురయ్యే తలనొప్పి ఇది. మేడ్చల్ మగ్గాల నుంచి ఆలేరు ఆసుల దాకా దారాన్ని దారిలో పెట్టడానికి మన ఆడవాళ్లు పడిన పాట్లు, పట్టిన కిటుకులు అన్నీ ఇన్నీ కావు. చిత్రమేమిటంటే, శాస్త్రవేత్తల లెక్కలు కూడా చివరికి ఆ కిటుకుల వైపే మొగ్గాయి!

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు... మేడ్చల్, శామీర్‌పేట వైపు వీధుల్లో 'ఇచ్చట మగ్గం వర్క్ చేయబడును' అన్న బోర్డులున్న ఇళ్లకు తీరిక ఉండదు. ముందుగదిలో నాలుగు కర్రల చట్రం. దాని మీద డోలు చర్మంలా బిగించి కట్టిన పట్టు జాకెట్టు ముక్క. చట్రానికి అటూ ఇటూ ఇద్దరు. పైన కుడిచేతిలో కొక్కెంలాంటి ఆరీ సూది టకటకా కదులుతుంటుంది. చూసేవాళ్ల కళ్లన్నీ దానిమీదే. నెమలి మెడ వంపు తిరుగుతుంది. మామిడిపిందె మొలకెత్తుతుంది.

కానీ అసలు కష్టమంతా ఎడమచేతిది. అది బట్ట కింద ఉంటుంది. ఎవరికీ కనిపించదు. సూది దిగిన ప్రతిసారీ కింద దారాన్ని కొక్కేనికి అందించేది ఆ చెయ్యే. రెండు పోగులు కలిపి కుట్టాల్సిన చోట రెండూ సమానంగా, పక్కపక్కనే, మెలిక పడకుండా రావాలి. ఒక పోగు వెనకబడిందా... కొక్కెం రెండోదాన్నే పట్టుకొస్తుంది. పైన పువ్వు పూస్తుంటే కింద పీటముడి పడుతుంది! అది తెలిసేసరికి నాలుగు కుట్లు ముందుకు వెళ్లిపోయి ఉంటారు.

అప్పుడేం చేయాలి? కుట్టిందంతా విప్పాలి. లేదంటే దారం తెంపి, ముడేసి, మళ్లీ మొదలుపెట్టాలి. పనికి కూలి జాకెట్టు లెక్కన. చిక్కు తీయడానికి పట్టిన అరగంటకు ఎవరూ పైసా ఇవ్వరు. ముహూర్తం మాత్రం ఎవరికోసమూ ఆగదు. అందుకే సూదిపని వచ్చినవాళ్లను 'బాగా కుట్టడమంటే ఏమిటి' అని అడిగితే డిజైన్ల గురించి తర్వాత చెబుతారు. ముందు దారం గురించి చెబుతారు.

పిల్లి ఆడుకోకపోయినా...

నిన్న రాత్రి శుభ్రంగా చుట్టి సంచిలో పెట్టిన ఊలు ఉండలు తెల్లారేసరికి ఒకదాన్నొకటి వాటేసుకుని ఉంటాయి. ఎవరు ముట్టుకున్నారని పిల్లల మీద కేకలేస్తాం. పాపం, వాళ్ల తప్పేం లేదు! దారానికి ముడిపడటం దాదాపు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఈ సంగతి తేల్చడానికి అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు పనిగట్టుకుని కూర్చున్నారు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ ఒక పెట్టెలో తాడు ముక్క వేశారు. పెట్టెను గిరగిరా తిప్పారు. మూత తీసి చూశారు. మళ్లీ వేశారు, మళ్లీ తిప్పారు. ఇలా ఒకటీ రెండూ కాదు... 3,415 సార్లు! కొన్ని సెకన్లలోనే ముడులు పడిపోయాయి. అవీ ఒకే రకం కాదు... 120 రకాలు! 2007లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే 'ఇగ్ నోబెల్' బహుమతి 2008లో వీళ్లను వరించింది.

ఇందులో మన ఇల్లాళ్లకు పనికొచ్చే సంగతులు మూడున్నాయి.

మొదటిది, పొడవు. తాడు 46 సెంటీమీటర్లకన్నా పొట్టిగా ఉంటే ముడే పడలేదు. అక్కణ్నుంచి మీటరున్నర దాకా, పొడవు పెరిగేకొద్దీ ముడిపడే అవకాశం గబగబా పెరిగింది. ఆపైన దాదాపు సగం సార్లు ముడి ఖాయం.

రెండోది, చోటు. పెట్టె చిన్నదైతే ముడులు తగ్గాయి. కదలడానికి సందు లేకపోతే దారం బుద్ధిగా ఉంటుందన్నమాట.

మూడోది, కొస. పాము పడగలా అటూ ఇటూ తిరిగే కొసే అసలు దొంగ. పక్కనున్న చుట్టల మధ్యలోంచి, జడ అల్లినట్టు దూరిపోయి ముడి వేసేది అదే. కొసను కట్టేస్తే సగం గొడవ ఉండదు.

అమ్మమ్మ కొలత

46 సెంటీమీటర్లంటే ఎంత? మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా. అంటే... అచ్చంగా మూరెడు!

సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు 'మూరెడు చాలు, బారెడు తీయకు' అని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. మళ్లీ మళ్లీ సూదికి ఎక్కించడం బద్ధకమై చిన్నపిల్లలు బారెడు దారం తీస్తారు. ఆ బద్ధకానికి మూల్యం తర్వాత చిక్కులో చెల్లిస్తారు. పొడవు దారంతో ఇంకో నష్టం కూడా ఉంది. సూది బెజ్జంలోంచి, బట్టలోంచి పదేపదే దూరి దూరి దారం ఒళ్లంతా నూగు లేస్తుంది. నూగు లేచిన దారం పక్కదాన్ని ఇట్టే పట్టుకుంటుంది.

ఎంబ్రాయిడరీ దారం లడి కొనుక్కొస్తే అందులో ఆరు పోగులు కలిసి ఉంటాయి. కుట్టుకు రెండో మూడో పోగులే కావాలి. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. రెండు పోగుల్ని ఒకేసారి పట్టుకుని సర్రున లాగుతారు. మిగతా నాలుగూ కుచ్చులా ముడుచుకుని కూర్చుంటాయి! అలా కాకుండా మూరెడు కత్తిరించి, ఒక కొసను వేళ్ల మధ్య పట్టుకుని, ఒక్కో పోగును నిదానంగా పైకి లాగాలి. మిగిలినవి కాస్త ముడుచుకున్నా మళ్లీ సాగి సర్దుకుంటాయి. అలా విడివిడిగా తీసిన వాటిని పక్కపక్కన చేర్చి సూదిలోకి ఎక్కిస్తే కుట్టు నిండుగానూ వస్తుంది. లంబాడీ తండాల్లో కాంచళి మీదో, పేట్యా అంచు మీదో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ పక్కపక్కనే కుట్టే చేతులకైనా ఈ నియమం ఒకటే... ఏ పోగు దారి దానిదే.

పురి విప్పితే నెమలికి అందం... దారానికి ప్రమాదం

దారానికి ప్రాణం పురిలో ఉంటుంది. దూదిని మెలిపెడితేనే కదా దారమయ్యేది! కుట్టేటప్పుడు మనకు తెలియకుండానే ప్రతి కుట్టుకూ సూదిని వేళ్ల మధ్య కాస్త తిప్పుతాం. దాంతో దారంలో పురి ఎక్కువవుతుంది, లేదా తగ్గుతుంది. ఎక్కువైతే దారం తనకు తానే మెలికలు పడి బట్ట మీద చిన్న ఉచ్చులా నిలబడుతుంది. దాన్ని చూసుకోకుండా లాగితే ముడి.

దీనికి విరుగుడు చాలా తేలిక. పది పదిహేను కుట్లకోసారి బట్టను తలకిందులు చేసి సూదిని వదిలేయాలి. అది గిర్రున తిరిగి తిరిగి దానంతటదే ఆగుతుంది. ఎక్కువైన పురి పోయినట్టే. క్షణం పని. కానీ గంట ఆదా.

ఉండలు చుట్టడంలోనూ ఇదే సూత్రం. దారాన్ని ఒకేవైపు గుండ్రంగా చుట్టి, ఉండ తిరగకుండా పైనుంచి లాగితే ప్రతి చుట్టుకూ ఒక మెలిక చేరుతుంది. అదే బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుడితే... ఒక వైపు పడిన మెలికను రెండో వైపు చుట్టు విప్పేస్తుంది. సంక్రాంతికి గాలిపటం దారాన్ని వేళ్లకు ఎనిమిది అంకెలా చుట్టే పిల్లలకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. వేళ్లకే తెలిసిపోయింది!

రంగులు ఎక్కువైతే...

ఒకే రంగు స్వెట్టర్‌తో పేచీ లేదు. గులాబీ పువ్వో, పిల్లాడి పేరో మధ్యలో పెట్టాలంటేనే వస్తుంది తంటా. మూడు రంగులంటే మూడు ఉండలు ఒళ్లో దొర్లుతుంటాయి. వరుస పూర్తయినప్పుడల్లా అల్లికను తిప్పుతాం. తిప్పిన ప్రతిసారీ మూడు దారాలూ ఒక మెలిక తిరుగుతాయి. పది వరుసలయ్యేసరికి జడే!

చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ చేసేదేమిటో తెలుసా? ఒక వరుస చివర అల్లికను కుడివైపు తిప్పితే, తర్వాతి వరుస చివర ఎడమవైపు తిప్పుతారు. ముందు పడిన మెలిక రెండోసారి విడిపోతుంది. అంతే! పైసా ఖర్చులేని కిటుకు.

ఒకే వరుసలో రెండు రంగులు మార్చి మార్చి అల్లేటప్పుడు ఇంకో పద్ధతి. ఒక రంగును ఎప్పుడూ పైనుంచే అందుకోవాలి. రెండోదాన్ని ఎప్పుడూ కిందినుంచే. ఒక్కసారి మర్చిపోయి తారుమారు చేస్తే రెండూ పెనవేసుకుంటాయి. రెండు చేతులూ అలవాటైనవాళ్లు ఒక రంగు కుడిచేతి వేలికి, ఇంకోటి ఎడమచేతి వేలికి ఇస్తారు. అప్పుడవి కలుసుకునే పనే లేదు.

రంగు కొంచెమే కావాల్సిన చోట మొత్తం ఉండను వేలాడదీయడం దండగ. కావాల్సినంత తెంపి బట్టల క్లిప్పుకు చుట్టి, కొసను క్లిప్పు నోట్లో పెడితే సరి. దొంగ కొస దొరికిపోయినట్టే! ఒక్కో పెద్ద ఉండకు ఒక్కో పచ్చడి జాడీ. జాడీ బరువుగా ఉంటుంది కాబట్టి దొర్లదు, అంచు నున్నగా ఉంటుంది కాబట్టి దారం తెగదు. చిన్న చోటులో ముడులు తక్కువని ఆ శాస్త్రవేత్తల పెట్టె చెప్పిందీ ఇదేగా! మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళుతూ నాలుగు వరుసలు అల్లుకుందామనుకునేవాళ్లు జాడీలు మోయలేరు కదా. ఒక్కో రంగు ఒక్కో చిన్న గుడ్డసంచిలో పెట్టి, మూతి దగ్గర దారం వచ్చేంత సందు వదిలి కట్టేస్తే చాలు.

రెండు పోచంపల్లులు

చిక్కును ఇంటి ఆడవాళ్లు ఓర్పుతో గెలిస్తే, ఫ్యాక్టరీలు ఏర్పాటుతో గెలిచాయి. మేడ్చల్ దారిలోని గుండ్లపోచంపల్లిలో ఎగుమతి దుస్తుల తయారీ కోసం అపారెల్ పార్క్ వెలిసింది. ఇలాంటి యూనిట్లలో బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌కు ఒకేసారి మూడు నుంచి ఐదు దారాలు నడుస్తాయి. నిమిషానికి వేల కుట్లు. అయినా చిక్కు పడదు. ఎందుకని?

మిషన్ వెనక నిలబడే స్టాండును గమనిస్తే జవాబు దొరుకుతుంది. ప్రతి కోనుకూ సరిగ్గా నెత్తిమీద ఒక కొక్కెం. దారం పక్కకు కాదు, నిటారుగా పైకి లేస్తుంది. అక్కణ్నుంచి ప్రతి దారానికీ విడిగా ఒక రంధ్రం, విడిగా ఒక బిగింపు బిళ్ల. సూది దగ్గరికి వచ్చేదాకా ఒకదాని దారిలోకి ఇంకోటి రాదు. రంగు మార్చాల్సి వస్తే మళ్లీ మొదటినుంచి ఎక్కించరు. పాత దారం కొసకు కొత్తదాన్ని ముడేసి లాగుతారు. దారి తెలిసినవాడి వేలు పట్టుకుని కొత్తవాడు నడిచినట్టు... అదే చేరుకుంటుంది!

గుండ్లపోచంపల్లి అంటే చాలామంది చీరల పోచంపల్లి అనుకుని పొరబడతారు. అది వేరు. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు, ఇక్కత్ చీరలతో 'జీఐ' గుర్తింపు తెచ్చుకున్న ఊరు భూదాన్ పోచంపల్లి. అది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. దారం చిక్కు ఆడవాళ్ల ఒంటినొప్పిగా మారిన కథ ఆ ప్రాంతానిదే.

ఇక్కత్ చీరలో బొమ్మ ముందు దారం మీద పుడుతుంది, తర్వాతే బట్ట మీదకు వస్తుంది. రంగు అద్దకముందు వేల పోగుల్ని ఒక్కటీ తారుమారు కాకుండా వరుసలో పేర్చాలి. ఆ పేర్పే 'ఆసు పోయడం'. అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం ముందు కూర్చుని, దారాన్ని ఈ చివర నుంచి ఆ మేకుల దాకా, అక్కణ్నుంచి మళ్లీ వెనక్కి తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు! ఇళ్లలో ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. భుజాలు, మోచేతులు పడిపోయేవి.

అమ్మ కోసం...

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మిదీ అదే బాధ. బడి మధ్యలోనే మానేసిన కొడుకు ఆ నొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం కోసం ప్రయత్నాలు మొదలుపెట్టాడు. డబ్బులు చాలలేదు. ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూనే మిగిలిన భాగాల కోసం తలబద్దలు కొట్టుకున్నాడు. దారం మేకు మీద నుంచి పక్క మేకుకు తప్పకుండా మారాలి, రెండు పోగులు పొరపాటున కూడా ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. అక్కడే చిక్కొచ్చింది!

1999లో బాలానగర్‌లోని ఒక యూనిట్‌లో పనిచేస్తుండగా ఓ మిషన్ కదలిక చూసి ఆ చివరి చిక్కుముడి విప్పే ఉపాయం తట్టింది. అలా తయారైన యంత్రానికి పెట్టిన పేరు అమ్మ పేరే... లక్ష్మీ ఆసు యంత్రం! నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2011లో దానికి పేటెంట్ వచ్చింది. 2017లో మల్లేశాన్ని పద్మశ్రీ వరించింది. 2019లో 'మల్లేశం' పేరుతో సినిమా కూడా వచ్చింది. దారాలు చిక్కుపడకుండా చూడటం చిన్న సంగతేమీ కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

లెక్కలోకి రాని గంటలు

సూదిపనికి ఇంకో శాపం ఉంది. అది 'ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని' కిందే జమ. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం లేసుల సంగతే తీసుకోండి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే అల్లిక అక్కడి పల్లెల్లో ఇంటింటికీ పాకింది. ఆ లేసులు విదేశాలకు ఎగుమతయ్యాయి. 2024లో జీఐ గుర్తింపు కూడా దక్కింది. కానీ జర్మనీకి చెందిన సామాజికవేత్త మరియా మీస్ అక్కడ అధ్యయనం చేసి 1982లో వెలువరించిన పుస్తకం ఒక చేదు నిజం చెప్పింది. రోజులో గంటల తరబడి లేసు అల్లే ఆ స్త్రీలను లోకం కార్మికులుగా కాదు, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగానే చూసిందని.

పనినే లెక్కవేయని చోట చిక్కు తీసిన గంటలను ఎవరు లెక్కవేస్తారు? అందుకే వాళ్లకు ఈ కిటుకులు ముచ్చట కాదు... మిగిలే నాలుగు రూకలు. మేడ్చల్ మగ్గమైనా, నరసాపురం అరుగైనా, చిక్కు పడని దారమే చేతికి దక్కే కూలి.

చిక్కు పడిందా... ఇలా చేయండి

- మొదటి సూత్రం: లాగొద్దు! లాగితే ముడి బిగుస్తుంది. తెగేదాకా లాగకూడదన్న సామెత దారం చూసే పుట్టి ఉంటుంది.

- చిక్కు మొత్తాన్ని బల్లమీద, లేత రంగు గుడ్డ మీద పరచండి. రెండు చేతులతో అన్ని వైపులకూ వదులు చేయండి. చిక్కు ఎంత పెద్దదిగా, ఎంత పలచగా కనిపిస్తే అంత తొందరగా విడిపోతుంది.

- జుట్టు చిక్కు తీసేటప్పుడు ముందు కొసల దగ్గర దువ్వుతాం కదా, ఇదీ అంతే. కొస ఎక్కడుందో వెతికి అక్కణ్నుంచి వెనక్కి రండి. విడిపోయినంత మేరా వెంటనే అట్టముక్కకు చుట్టేయండి. లేదంటే విప్పిందే మళ్లీ చిక్కులో పడుతుంది.

- పీటముడి పడితే గోళ్లతో గిల్లకండి. మొద్దు మొన ఉన్న ఊలు సూదిని ముడి మధ్యలోకి పోనిచ్చి నెమ్మదిగా వదులు చేయండి.

- అట్టముక్కకు చుట్టాక అంచున చిన్న గాటు పెట్టి కొసను అందులో ఇరికించండి. కొస కట్టుబడితే దారం కట్టుబడినట్టే.

- అన్నిటికన్నా ముఖ్యం... ముడి చిన్నగా ఉన్నప్పుడే ఆగి విప్పండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. నూగు లేచి అట్టకట్టిన దారంతో మాత్రం కుస్తీ పట్టకండి. అక్కడ కత్తెరే మేలు.

గోర్డియం పట్టణంలో ఎవరికీ లొంగని ముడిని అలెగ్జాండర్ కత్తితో ఒక్క వేటు వేసి 'విప్పేశాడ'ని గ్రీకు కథ. వీరుడని లోకం చప్పట్లు కొట్టింది. మన ఇళ్లలోని అమ్మమ్మలు, నాయనమ్మలు చూసి ఉంటే మాత్రం ఒప్పుకునేవాళ్లు కాదు. మంచి తాడు పాడుచేశావని నాలుగు చీవాట్లు పెట్టేవాళ్లు.

మేడ్చల్ పల్లెల్లో మనవరాలు దారం లాగబోతే ముసలమ్మ అనే మాట ఇప్పటికీ ఒకటే... 'గుంజకు బిడ్డా, తెగుతది. కొస యాడుందో సూడు.'

ఈ ఆదివారం బీరువా అడుగున పడేసిన ఆ ఊలు చిక్కును ఒకసారి బయటికి తీయండి. పక్కన అమ్మాయినో, అబ్బాయినో కూర్చోబెట్టుకోండి. కొస ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతకండి!